కోడికూత వేళ కరెంటు

రాత్రి రెండున్నరకు చెరువుగట్టు షెడ్డులో ఫోన్ మోగుతుంది. అవతల మనిషెవరూ ఉండరు. స్టార్టర్‌కి బిగించిన సిమ్ పెట్టె చేసిన కాల్ అది. కరెంటు పోయింది, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగాయి అని దానర్థం. టార్చిలైటు పట్టుకుని పరుగెత్తితే, గట్టువార నీళ్లలో ఎర్రెర్రగా కళ్లు మెరుస్తుంటాయి. రొయ్యలు పైకి తేలుతున్నాయన్నమాట. జనరేటర్ అందుకుంటే సరి. అందుకోకపోతే మూడు నెలల కష్టం తెల్లారేసరికి అడుగున పడి ఉంటుంది. భీమవరం, ఆకివీడు నుంచి కాట్రేనికోన దాకా ఈ టెన్షన్ పడని వనామి రొయ్యల రైతు లేడు.

పగలంతా నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక అదే నాచు రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చేస్తుంది. అందుకే నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ (డీఓ) బాగా పడిపోయేది కోడికూత వేళకు. గోదావరి డెల్టాకు కరెంటు ప్రాణావసరమయ్యే గంటలో సూర్యుడు ఉండడు. అణు విద్యుత్తా, సౌర విద్యుత్తా అని జరుగుతున్న వాదనల్లో మాకు ఈ గంట ఊసే వినిపించడం లేదు.

అణు విద్యుత్తును సమర్థించేవారి మాటలో నిజం ఉంది. రియాక్టర్ రాత్రీ పగలూ నడుస్తుంది, పొగ రాదు. రొయ్యల రైతుకు కావలసింది అలాంటి కరెంటే. కానీ ఎప్పటికి? గుజరాత్‌లోని మిఠీవిర్దిలో రైతులు వద్దన్న ప్రాజెక్టును 2016లో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు మార్చారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు అన్నారు. అదే నమూనా రియాక్టర్లు అమెరికాలోని జార్జియాలో రెండు కట్టారు. అవి అనుకున్నదానికి ఏడేళ్లు ఆలస్యంగా, రెట్టింపుకు మించిన ఖర్చుతో 2023, 2024 సంవత్సరాల్లో మొదలయ్యాయి. మధ్యలో 2017లో వాటి తయారీదారు వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరింది. మన కూడంకుళంలో 2002లో పని మొదలైతే మొదటి యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి వచ్చేసరికి 2014 డిసెంబరు అయింది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అని 2025 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. పెట్టుకోవలసిన లక్ష్యమే కావచ్చు. ఈ పంట రైతుకు మాత్రం అది అందదు.

పెద్ద ప్రాజెక్టు మాట వినగానే కోనసీమ ఎందుకు ఉలిక్కిపడుతుందో ఢిల్లీకి తెలియాలి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి, ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు కాలిపోయారు. ఇరవై మందికి పైగా పోయారు. ఈ తీరపు గ్యాస్‌నే నమ్ముకుని సామర్లకోటలో విస్తరించిన విద్యుత్ కేంద్రానికి చివరికి గ్యాసే రాలేదు. అందులోని కొన్ని యంత్రాలు బంగ్లాదేశ్‌కు తరలిపోయాయి. ప్రమాదం మా వాళ్లకు మిగిలింది, వెలుగు రాలేదు. కొవ్వాడ జాలర్లు అడుగుతున్న ప్రశ్నలకు సమాధానం చెప్పకుండా పునాది వేయవద్దని మేం కోరేది ఈ అనుభవంతోనే.

అలాగని సౌర విద్యుత్తును నెత్తిన పెట్టుకుంటే సరిపోదు. వేలంలో యూనిట్ రూ.2.50 దరిదాపుల్లో పలుకుతున్న మాట నిజమే. అది పగటి ధర. దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటి శిలాజ ఇంధనాలు కానిదేనని 2025లో గొప్పగా చెప్పుకున్నాం. కానీ తయారయ్యే కరెంటులో నూటికి 70 దాకా ఇంకా బొగ్గుదే. ఇంటికప్పు మీద పలకలు పెట్టుకుంటే సూర్యఘర్ పథకం కింద రూ.78,000 వరకు సబ్సిడీ ఇస్తున్నారు. డాబా ఉన్నవాడికి మంచిదే. చెరువు కౌలుకు చేసేవాడి పేరున మీటరే ఉండదు, ఇక సబ్సిడీ ఎక్కడిది?

అందుకే మేం ముందు నిల్వ గురించి అడుగుతున్నాం. పగలు నీటిని పైకి తోడి రాత్రి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ మనకు కొత్త కాదు. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లది తలపెట్టారు. దాన్ని త్వరగా పూర్తిచేయాలి. అయినా డెల్టా కష్టం దానితో తీరదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఏం జరిగింది? స్తంభాలు విరిగాయి, తీగలు తెగిపడ్డాయి. 1996 నవంబరులోనూ అంతే. రియాక్టర్ నుంచి వచ్చినా, అనంతపురం ఎండ నుంచి వచ్చినా, కరెంటు చెరువుకు చేరాల్సింది ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఆ స్తంభాల మీదుగానే. దూరాన ఎంత తయారైతే ఏం లాభం?

ఏరియేటర్ల లోడు ఎక్కువగా ఉన్న 33 కేవీ సబ్‌స్టేషన్ల దగ్గర, వరద నీరు అందని ఎత్తులో బ్యాటరీలు పెట్టాలి. పగటి సౌర విద్యుత్తుతో వాటిని నింపి, అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా చెరువులకు వెళ్లే లైన్లకు (ఫీడర్లకు) ఇవ్వాలి. చెరువుల దగ్గర ఆఖరి మైలు తీగను కొత్తగా వేయాలి. యూనిట్ రూ.1.50 రాయితీ ధర కౌలురైతుకు అందుతోందో లేదో చూడాలి. ఏ ఫీడర్‌లో రాత్రిపూట ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందో స్మార్ట్ మీటర్లలో నమోదవుతుంది. ఆ లెక్క ప్రతి నెలా పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి. అది ఈ వేసవి పంటకే మొదలుపెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.