చెక్క తుపాకీ పేలదు, అదే దాని గొప్ప

2022 ఆగస్టు 30న దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో, దక్షిణాది తిరుగుబాటును నడిపిన నాయకుడు జాన్ గరాంగ్ సమాధి ఉన్న మైదానంలో, ఆ దేశపు కొత్త ఉమ్మడి సైన్యం పాసింగ్ అవుట్ పరేడ్ జరిగింది. నిన్నమొన్నటిదాకా ఒకళ్లనొకళ్లు కాల్చుకున్న ప్రభుత్వ సైనికులు, తిరుగుబాటు సైనికులు ఒకే వరసలో కవాతు చేశారు. ఉగాండా అధ్యక్షుడు ముసెవెని వచ్చారు. సూడాన్ సైన్యాధిపతి జనరల్ బుర్హాన్ వచ్చారు. రానివి తుపాకులే. శిక్షణ కాలంలో చాలామంది చేతుల్లో ఉన్నవి చెక్కతో చేసిన తుపాకులు, అవి కూడా అందనివాళ్ల చేతుల్లో కర్రలు.

లోకం నవ్వింది. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. రక్షణ వ్యవహారాల గురించి కాస్తో కూస్తో గంభీరంగా ఆలోచించేవాడిగా నేను మాత్రం ఈ విధానాన్ని గట్టిగా సమర్థిస్తున్నాను. నిజం తుపాకులిచ్చినప్పుడు ఏం జరిగిందో చూస్తే మీరూ సమర్థిస్తారు.

దక్షిణ సూడాన్ ఇంకా సూడాన్‌లో భాగంగా ఉన్న రోజుల్లో, ఖార్టూమ్ ప్రభుత్వానికీ దక్షిణాది తిరుగుబాటుదార్లకూ 2005లో శాంతి ఒప్పందం కుదిరాక, రెండు వైపుల నుంచీ మనుషుల్ని తెచ్చి ఉమ్మడి దళాలు కట్టారు. నైలు ఒడ్డున ఉన్న మలకాల్ పట్నంలో ఒక దళాన్ని దింపారు. అన్నీ అసలు సిసలు ఆయుధాలే. 2006 నవంబరులో ఆ పట్నంలోనే రెండు పక్షాలూ తలపడ్డాయి. వంద మందికి పైగా పోయారు. 2009 ఫిబ్రవరిలో మళ్లీ. 2011 ఫిబ్రవరిలో, దేశం విడిపోవడం ఖాయమై ఎవరి దారిన వాళ్లు పోవాల్సిన సమయంలో, భారీ ఆయుధాలు ఉత్తరానికి పోతాయా ఇక్కడే ఉంటాయా అని ముచ్చటగా మూడోసారి.

స్వతంత్రం వచ్చాకయినా సర్దుకున్నారా? 2013 డిసెంబరు 15 రాత్రి జూబాలోని గియాడా బ్యారక్స్‌లో అధ్యక్షుడి రక్షణ దళమే రెండుగా చీలి కాల్చుకుంది. అంతర్యుద్ధం అక్కడే మొదలైంది. 2016 జులై 8న అధ్యక్ష భవనం లోపల అధ్యక్షుడు సాల్వా కీర్, తిరుగుబాటు పక్షం నుంచి వచ్చిన ఉపాధ్యక్షుడు రీక్ మచార్ పక్కపక్కనే ఉండగా బయట వాళ్ల అంగరక్షకులు ఒకరి మీద ఒకరు కాల్పులు మొదలుపెట్టారు. మచార్ అడవుల్లో పడి నడుచుకుంటూ కాంగో చేరారు. ఆ రోజు ఆ అంగరక్షకుల చేతుల్లో కర్రలుండి ఉంటే మహా అయితే నాలుగు బుర్రలు పగిలేవి, ఆయనకు అంత నడక తప్పేది. ఈక్వటోరియాలో బోలెడు టేకు తోటలున్నాయి కూడా. ముడిసరుకుకి లోటు లేదు.

కాబట్టి 2018 జులైలో ఆయుధ నిషేధం విధించిన ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఆ దేశం రుణపడి ఉండాలి. కానీ అక్కడి నాయకులు ఎక్కడికెళ్లినా నిషేధం ఎత్తేయమనే అడుగుతారు. ఉమ్మడి సైన్యానికి తుపాకులు లేకపోవడానికి కారణం అదేనట. వాళ్లవాళ్ల సొంత దళాలకు, జాతీయ భద్రతా సర్వీసుకు, అస్మదీయ మిలీషియాలకు మాత్రం ఆ నిషేధం ఎందుకు అడ్డు రాలేదని అడగకండి. అన్నీ అడిగితే వ్యాసం సాగదు.

ఇక గడువుల సంగతి. 2018 సెప్టెంబరు 12న అడిస్ అబాబాలో కీర్, మచార్ వర్గాలు శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టినప్పుడు ఎనిమిది నెలల్లో అన్ని దళాల్నీ కలిపేయాలనుకున్నారు. ఆ తర్వాత లెక్క 83,000 మంది దగ్గర తేలింది. ఎనిమిది నెలలు చాలక ఆరు నెలలు కలిపారు. అదీ చాలక ఇంకో వంద రోజులు. చివరికి 2020 ఫిబ్రవరిలో సైన్యం లేకుండానే ఒక అధ్యక్షుడు, ఐదుగురు ఉపాధ్యక్షులతో ఐక్య ప్రభుత్వం ఏర్పడింది. ఉపాధ్యక్షుల్ని పోగేయడానికి పట్టిన కాలం చూస్తే, తలచుకుంటే ఈ పాలకులు ఏ పనైనా చకచకా చేయగలరని తెలుస్తుంది. మూడేళ్ల సంధికాలాన్ని రెండేళ్లు, ఆపైన మరో రెండేళ్లు పొడిగించారు. ఇప్పుడది 2027 ఫిబ్రవరి దాకా వెళ్లింది.

ఈలోగా శిక్షణ శిబిరాల్లో మనుషులున్నారు. తిండి సరిగ్గా లేదు, మందులు లేవు, వానొస్తే తలదాచుకోవడానికి గుడారాలు చాలవు. ఇంటి దగ్గర పిల్లల ఆకలి గుర్తొచ్చినవాళ్లు వరసలోంచి తప్పుకుని వెళ్లిపోయారు. కొందరు దీన్ని సైన్యం నుంచి పారిపోవడం అన్నారు. ఖజానాకు పైసా ఖర్చు లేకుండా అమలైన స్వచ్ఛంద పదవీ విరమణ పథకం అంటే గౌరవంగా ఉంటుంది.

జీతాలంటారా? 2024 ఫిబ్రవరిలో సూడాన్ మీదుగా వెళ్లే చమురు పైపులైను పగిలింది. (ఆ దేశపు చమురులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కూ వాటా ఉంది లెండి, కాబట్టి మరీ పరాయి కథ కాదు.) ఖజానా నిండేది ఎక్కువగా ఆ చమురు డబ్బుతోనే, కాబట్టి సైనికులకూ ఉద్యోగులకూ నెలల తరబడి జీతాల్లేవు. జీతం ముట్టని సైనికుడు ఎవరి ఉప్పూ తిననట్టే, ఎవరి పక్షమూ కానట్టే. ఇంతకు మించిన నిష్పాక్షికత ఏ మిలిటరీ అకాడమీ నేర్పుతుంది?

కింది మెట్టు ఇలా ఉంటే పైమెట్టు మాత్రం కళకళలాడుతోంది. స్వతంత్రం వచ్చేనాటికే ఆ సైన్యంలో జనరళ్లు వందల్లో ఉన్నారు. రాజీపడ్డ ప్రతి తిరుగుబాటు నాయకుడికీ ఒక జనరల్ హోదా ఇస్తూ పోతే ఎక్కడ ఆగుతుంది? అడవిలోకి వెళ్లు, నాలుగు ఊళ్లు తగలబెట్టు, రాజీకి రా, నక్షత్రాలు తగిలించుకో. మళ్లీ ప్రమోషన్ కావాలంటే మళ్లీ అడవి.

ఈ జనరళ్లలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదే మూడున్నరేళ్లు తెగలేదు. 2022 ఏప్రిల్ 3న తెగింది. కమాండ్‌లో అరవై శాతం కీర్ వర్గానికి, నలభై శాతం మిగతావాళ్లకు. పేరుకు ఉమ్మడి కాపురం, పొయ్యిలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఈ రాజీ కుదిర్చిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? సూడాన్‌లో ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికి అధిపతి హెమెద్తీ. రెండు సైన్యాల్ని ఒక్కటి చేయడం ఎంత అవసరమో జూబాలో చెప్పి వెళ్లిన ఆయన, ఏడాది దాటీ దాటగానే, 2023 ఏప్రిల్ 15న, తన సొంత ఆర్‌ఎస్‌ఎఫ్ దళాన్ని దేశ సైన్యంలో కలపాలంటే పదేళ్లు పడుతుందా రెండేళ్లు చాలా అన్న పేచీతో ఖార్టూమ్‌లో యుద్ధానికి దిగారు. అవతలి పక్షం ఎవరో కాదు, జూబా పరేడ్‌కి అతిథిగా వెళ్లిన బుర్హానే.

ఇంత సరంజామా తర్వాత, పరేడ్ అయిన పద్నాలుగు నెలలకు, 2023 నవంబరులో మొదటి బెటాలియన్ విధుల్లోకి కదిలింది. దాదాపు వెయ్యి మంది. ఎక్కడికి? మలకాల్‌కే. ఉమ్మడి దళాలు మూడుసార్లు కాల్చుకున్న ఆ పట్నానికే. అక్కడ ఐరాస స్థావరం కంచె లోపల వేల మంది ఏళ్ల తరబడి తలదాచుకుంటున్నారు. వాళ్లకు కాపలా కాసే శాంతి సైనికుల్లో మన భారత జవాన్లూ ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో ఆ శిబిరం మీద కూడా దాడి జరిగింది. కంచె దాటి ఇంటికి వెళ్లడానికి జనం ఎందుకు జంకుతారో ఆ జూబా జనరళ్లకు వేరే చెప్పాలా?

ఇక్కడొక చిక్కుంది, నా వాదనకే చిక్కు. ఉమ్మడి సైన్యాన్ని అందరూ ఎగతాళి చేశారు కదా, అప్పర్ నైల్ రాష్ట్రంలోని నాసిర్ పట్నం జనం మాత్రం చేయలేదు. 2025 మొదట్లో నాసిర్‌లో ఉన్న పాత ప్రభుత్వ దళాన్ని మార్చి కొత్త దళాన్ని పంపుతున్నారని, అందులో ప్రభుత్వానికి అనుకూలమైన మిలీషియాలూ ఉన్నాయని వార్త పొక్కింది. వాళ్లు వద్దు, ఒప్పందం ప్రకారం ఉమ్మడి దళాల్నే పంపండని అక్కడివాళ్లు, ప్రతిపక్షం వాళ్లు పట్టుబట్టారు. జీతం లేని, తిండి లేని, చేతిలో సరైన తుపాకీ లేని ఆ సైన్యమే కావాలన్నారు. ఆ సైనికుడు ఏ నాయకుడి సొంత మనిషీ కాడన్న ఆశ ఒక్కటే వాళ్లది. అది మాత్రం పంపలేదు. మార్చిలో అక్కడి యువకుల సాయుధ గుంపులు స్థావరాన్ని చుట్టుముట్టి ఆక్రమించాయి. సైనికుల్ని తరలించడానికి వచ్చిన ఐరాస హెలికాప్టర్ మీద కాల్పులు జరిగాయి. ఒక జనరల్, ఐరాస సిబ్బందిలో ఒకరు చనిపోయారు. తర్వాత ఆ ప్రాంతం మీద ఆకాశం నుంచి బాంబులు పడ్డాయి. పరేడ్‌కి అతిథిగా వచ్చిన ముసెవెని ఈసారి తన సైన్యాన్నే జూబాకి పంపారు. ఉమ్మడి సైన్యం ఉన్న దేశానికి పొరుగు సైన్యం అరువు కావాల్సి వచ్చింది.

మార్చి 26న మచార్‌ని గృహనిర్బంధంలో పెట్టారు. సెప్టెంబరులో నాసిర్ దాడికి సంబంధించి దేశద్రోహం, హత్య నేరాలు మోపి బోనులో నిలబెట్టారు. ఎన్నికలు 2026 డిసెంబరులో అని వాయిదా వేసి పెట్టుకున్నారు. వాటికి భద్రత కల్పించాల్సింది ఉమ్మడి సైన్యమే. అందులో అరవై శాతం వాటాదారు దేశాన్ని ఏలుతున్నారు, మిగతా నలభైలో పెద్ద వాటాదారు ముద్దాయి. పోలింగ్ కేంద్రం దగ్గర నిలబడ్డ సైనికుడు ఎవరికి సెల్యూట్ కొట్టాలో తేల్చడానికి ఒక కమిటీ వేస్తే బాగుంటుంది. ఎనిమిది నెలల గడువిస్తే సరిపోతుందని నా అంచనా.