కూలీని అడగండి, కాంట్రాక్టర్ సంగతి తెలుస్తుంది

ఇంట్లో రిపేరు పని పెట్టుకున్నవాళ్లలో చాలామందిది ఒకటే కథ. అడ్వాన్స్ ఇచ్చిన మర్నాడే మనుషులు దిగుతారు, గోడలు పగలగొడతారు, ఇల్లంతా దుమ్ము చేస్తారు. నాలుగో రోజు నుంచి 'రేపు వస్తారండీ' మొదలవుతుంది. వారం తిరిగేసరికి ఫోన్ ఎత్తేవాడు ఉండడు. ఇది అందరికీ తెలిసిన గోలే కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టను. నా తగాదా అంతా మోసపోయినవాళ్లకు ఇచ్చే సలహాతోనే. నమ్మకమైన మనిషిని చూసుకోవాల్సింది అంటారు. ఎలా చూసుకోవాలట? తెలిసినవాళ్లను అడగాలి, పాత పనుల ఫొటోలు చూడాలి, ఇంటర్నెట్‌లో ఎన్ని స్టార్లు వచ్చాయో లెక్కపెట్టాలి, మూడు కొటేషన్లు తెప్పించుకోవాలి. ఇవన్నీ చేసినవాళ్లు కూడా మునిగారు. ఎందుకంటే అసలు అడగాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు.

ఆ మనిషి తాపీ మేస్త్రీ. మీరు అనుకుంటున్న కాంట్రాక్టర్‌కు ప్రస్తుతం ఇంకోచోట పని నడుస్తూనే ఉంటుంది. ఆ ఇంటివాళ్లతో ముందే ఒక మాట అనుకుని, కాంట్రాక్టర్ లేని వేళ చూసి అక్కడికి వెళ్లండి. మేస్త్రీనో, టైల్స్ వేసే కుర్రాణ్నో పక్కకు పిలిచి ఒక్కటే అడగండి: 'డబ్బులు టైముకి ఇస్తాడా?' చెప్పే జవాబు కంటే చెప్పే ముందు ఎంతసేపు ఆగాడో గమనించండి. పది రివ్యూలు చెప్పనిది ఆ క్షణంలో తెలుస్తుంది.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం జాలి కాదు, డబ్బు నడిచే తీరు. చిన్న కాంట్రాక్టర్ల దగ్గర సొంత పెట్టుబడి అంతంతమాత్రం. ఒకేసారి మూడు నాలుగు ఇళ్లు ఒప్పుకుంటారు. మీరిచ్చిన అడ్వాన్స్‌తో వెనకటి ఇంటి రంగుల పని పూర్తవుతుంది. మీ ఇంటి టైల్స్ రావాలంటే ఇంకెవరో అడ్వాన్స్ ఇవ్వాలి. కొత్త పనులు దొరికినన్నాళ్లూ ఈ చక్రం తిరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఒక ఇంటాయన చెల్లింపు ఆపితే అంతా కుదేలవుతుంది. ఇందుకు కాంట్రాక్టర్ దొంగ కానక్కర్లేదు, చేతికి మించిన పని ఒప్పుకుంటే చాలు. అప్పుడు ముందుగా ఆగేది కూలీ డబ్బే. సిమెంటు షాపువాడు పాత బాకీ తీర్చందే సరుకు పంపడు. కూలీకి మాత్రం 'వచ్చే వారం చూద్దాం' అని చెప్పొచ్చు. రెండు వారాలు అలా విన్న మేస్త్రీ మూడో వారం ఇంకో పనికి పోతాడు. మీకు మాత్రం 'ఊరెళ్లాడండీ' అని కబురొస్తుంది.

పోయినవాడి వల్ల ఆలస్యమే. డబ్బు అందక, అయినా పోలేక ఉండిపోయినవాడి వల్ల వచ్చే నష్టం గోడలో దాక్కుంటుంది. టైల్ వెనక అంతటా గమ్ము పట్టించాలి. నాలుగు మూలలా, నడుమా ముద్దలు పెట్టి అతికించేస్తే పని తొందరగా తెములుతుంది. చూడటానికి రెండూ ఒకటే. నాణెంతో తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తుంది, కానీ ఎవరు తడతారు? కాంక్రీటుకు 7 రోజులకు దాదాపు మూడింట రెండొంతుల బలం వస్తుంది, లెక్కకు తీసుకునేది 28 రోజుల బలం. ఆ మొదటి రోజుల్లో తడి ఆరనివ్వకూడదు. తడపాల్సిన మనిషికి ఆ పూట కూలీ కట్టేదెవరు? బాత్రూంలో వాటర్‌ప్రూఫింగ్ ఆరాక, టైల్స్ వేయకముందే, నీళ్లు నింపి కనీసం 24 గంటలు నిలబెట్టి కింద చెమ్మ వస్తుందేమో చూడాలి. 48 గంటలైతే ఇంకా మంచిది. అడుగుల లెక్కన పనిచేసే మేస్త్రీకి అది సంపాదన లేని రోజు. దాటేయాలనే చూస్తాడు, అతని చోట నేనున్నా అదే చేస్తాను.

మా ఇంట్లో అదే జరిగింది. కాంట్రాక్టర్ మర్యాదస్థుడు. ముగ్గురు మంచి మాట చెప్పాకే పిలిచాను. నాలుగు నెలలకు కింద ఇంటివాళ్లు వచ్చి తమ సీలింగ్ మీద మరక చూపించారు. తవ్విస్తే పైపు దగ్గర పూత సగమే ఉంది. వేసిన మేస్త్రీకి అప్పటికి నెల డబ్బులు రావాలని తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

కాంట్రాక్టర్‌కూ కూలీలకూ మధ్య లెక్కలు మనకెందుకు, అగ్రిమెంట్ గట్టిగా రాసుకుంటే చాలదా అంటారు. రాసుకోవాల్సిందే. ఏ కంపెనీ సరుకు, ఏ దశకు ఎంత డబ్బు, ఎక్స్‌ట్రా పని వస్తే ముందే కాగితం మీద ఒప్పందం, చివర్లో 5 నుంచి 10 శాతం కొన్నాళ్లు ఆపుకోవడం, అన్నీ కావాలి. గోడ మూసేముందు పైపులకూ వైర్లకూ ఫొటోలు తీసుకోవడం ఇంకా మంచిది. కానీ కాగితం పనికొచ్చేది గొడవ మొదలయ్యాకే. అప్పటికి గోడ మూసేసి ఉంటుంది. పైగా పూర్తయిన దశకు మీరు డబ్బు ఆపితే ఆ దెబ్బ తగిలేది కాంట్రాక్టర్‌కు కాదు, వరుసలో చివర నిలబడ్డవాడికి.

మూడు కొటేషన్లలో తక్కువది చూసి మురిసిపోయే అలవాటు కూడా ఇక్కడికే వస్తుంది. సిమెంటు ధర, టైల్ ధర ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పెద్దగా ఉండవు. మరి ఒకడు మిగతావాళ్లకంటే బాగా తక్కువ ఎలా వేశాడు? కూలీలో కోయాలి, కనిపించని పనిలో కోయాలి, లేదంటే తర్వాత ఎక్స్‌ట్రాల పేరుతో రాబట్టాలి. నాణ్యత కనిపెట్టలేని కొనుగోలుదారు సగటు ధరే ఇస్తానంటే మంచి సరుకు ఉన్నవాడు బజారు వదిలిపోతాడని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే వాడిన కార్లను ఉదాహరణగా పెట్టి చెప్పాడు. 2001లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. మంచి మేస్త్రీలు దొరకడం లేదని వాపోయేవాళ్లు, వాళ్లను తరిమింది తమ బేరమేనేమో ఒకసారి చూసుకోవాలి.

ఇది ఇళ్ల రిపేరుతో ఆగే సంగతి కూడా కాదు. పని ఒప్పుకునేవాడు ఒకడు, చేయించేవాడు మరొకడు, చేసేవాడు ఇంకొకడు. పార్శిల్ తెచ్చే కుర్రాడైనా, రాత్రి కాపలా కాసే మనిషైనా అంతే. మెట్టుకో వాటా పోగా చివరి చేతికి చిల్లర మిగులుతుంది, పాడైతే తప్పు మాత్రం ఆ చేతిదే. టైల్ కంపెనీ పేరు, కుళాయి కంపెనీ పేరు అడగకుండానే చెప్పేస్తాం. వాటిని బిగించినవాడి పేరు మనకు తెలియదు. వేలాది చేతుల మీద నడుస్తున్న బతుకులో చేతుల పేర్లు తెలియకపోవడం మనకు విడ్డూరంగా కూడా తోచడం లేదు. అందుకే ఇప్పుడు నేను అగ్రిమెంట్‌లో మేస్త్రీ పేరు రాయిస్తున్నాను. మనిషి మారితే ముందే చెప్పాలని కూడా.

ఈమధ్య వంటగది పని మొదలుపెట్టే ముందు నేను చెప్పినట్టే ఒక సైటుకు వెళ్లాను. మేస్త్రీ ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. కాంట్రాక్టర్ గురించి అడిగితే చేతిలో తాపీ ఆపకుండానే, 'వారం తిరిగేసరికి లెక్క తేల్చేస్తాడండీ. నోరే మంచిది కాదు' అన్నాడు.

పని ఆ కాంట్రాక్టర్‌కే ఇచ్చాను.