పందుంపుల్ల మంచిదే, గార సంగతి వేరు

పళ్లు తోముకునే వేప, కానుగ, ఉత్తరేణి పుల్లల గురించి మీరు రాసిన వ్యాసం చదివి సంతోషమైంది. మా కల్యాణదుర్గం దిక్కు పల్లెల్లో పెద్దోళ్లు ఇప్పటికీ పందుంపుల్ల నోట్లో పెట్టుకునే చేనికి పోతారు. మా అవ్వ చిటికెన వేలంత లేత వేపకొమ్మ విరిచి, కొస మెత్తని కుంచెలా అయ్యేదాకా ఓపిగ్గా నమిలి, అప్పుడు తోమేది. తర్వాత అదే పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకునేది. ఎండుపుల్లతో గీకితే చిగుళ్లు చీరుకుపోతాయి, ఈ జాగ్రత్త కూడా రాసుంటే బాగుండేది.

కానీ వేపపుల్లతో పళ్లమీది గోధుమరంగు గార పోతుందని మీరు రాసిన మాట ఒప్పుకోలేను. అనంతపురం జిల్లాలో చాలామంది పళ్లమీద కనిపించే గార పాచి కాదండీ. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే పింగాణిలో, అంటే పంటి గట్టి పైపొరలో (ఎనామిల్), పడిన మచ్చ అది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ. ఏ పుల్లా, ఏ పొడీ ఆ మచ్చను తీయలేవు. పోతుందన్న ఆశతో పిల్లలు ఇటుకపొడి, బొగ్గు వేసి రుద్దుతారు. ఉన్న పింగాణి కాస్తా అరిగి, చల్లనీళ్లు తాగినా పళ్లు జివ్వుమంటాయి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లు తాపడమే అసలైన జాగ్రత్త.

పంటినొప్పికి రాసే లవంగనూనె కూడా అంతే, జబ్బును పోగొట్టదు. అందులోని యూజినాల్ అనే పదార్థం నొప్పిని కాసేపు మొద్దుబరుస్తుంది, పుప్పి మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. దయచేసి గార గురించిన ఆ వాక్యం సరిదిద్దండి, మా ఊళ్లలో తల్లులు ఇవి చదివి పాటిస్తారు.