కట్ట పోయి బండ్ వచ్చె ఢాం ఢాం ఢాం

హైదరాబాదులో ఎవరినైనా ఆపి ట్యాంక్ బండ్ ఎక్కడని అడగండి, కళ్లు మూసుకుని దారి చెబుతారు. ట్యాంక్ బండ్ అంటే ఏమిటని అడగండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. ఈ ప్రమాదకరమైన ప్రశ్న పట్టుకుని నేను రెండు ఆదివారాలు తిరిగాను. ఒక కాలేజీ కుర్రాడు నీళ్ల ట్యాంకు అన్నాడు. ఇంకొకాయన యుద్ధ ట్యాంకు అయి ఉంటుందన్నాడు. బండ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఏకగ్రీవం: "బండ్ అంటే... బండే కదా సార్."

ట్యాంక్ అంటే చెరువు. బండ్ అంటే కట్ట. వెరసి చెరువు కట్ట. సినిమాల్లో హీరో నగరంలోకి అడుగుపెట్టగానే చూపించే ఆ చోటు పేరు, మా ఊళ్లో గేదెలు నడిచే చోటు పేరూ ఒకటేనని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కట్ట వయసులో పెద్దది. 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్ సాగర్ చెరువు కట్ట ఇది. చార్మినార్ దీనికన్నా దాదాపు ముప్పై ఏళ్లు చిన్న. అంత పాత కట్టకు ఇంగ్లీషు పేరేమిటని ఆవేశపడబోయి, కాస్త తవ్వి చూస్తే బండ్ ఇంగ్లీషు వాళ్ల సొంత సొమ్ము కూడా కాదు. పారసీ 'బంద్'. కట్టేయడం, మూసేయడం అని అర్థం. దుకాణం బంద్, బడి బంద్, రాష్ట్ర బంద్ అంతా ఆ కుటుంబమే. మన కట్ట కూడా కట్టడం లోంచే పుట్టింది. అంటే గణేశ్ నిమజ్జనం రోజున బారికేడ్లు పెట్టి "ట్యాంక్ బండ్ బంద్" అన్నప్పుడు, ఒకే మాటను డకారంతో ఒకసారి, దకారంతో ఒకసారి వాడుతున్నారన్నమాట. జనం ఇంకో అడుగు ముందుకేసి "ట్యాంక్ బండ్ కట్ట మీద కలుద్దాం" అంటారు. చెరువు కట్ట కట్ట. నట్టనడి మధ్యలో అనే జాతికి ఇదొక లెక్కా!

ఆటో ఎక్కితే ఇంకో చిక్కు. "ట్యాంక్ బండ్ వస్తవా అన్నా?" అంటే, "పైదా, కిందిదా?" అంటాడు. కట్టల్లో పై కట్ట, కింది కట్ట ఉంటాయని నేను ఏ రైతు నోటా వినలేదు. మా ఊళ్లో కట్ట కింద ఉండేది ఆయకట్టు, ఎకరాల్లో కొలుస్తారు. ఇక్కడ కట్ట కింద ఉండేది లోయర్ ట్యాంక్ బండ్, గజాల్లో కొలుస్తారు.

ఇక విగ్రహాలు. ఎవడైనా చెప్పిన పని ఒక్కసారి సరిగ్గా చేస్తే "నీకు ట్యాంక్ బండ్ మీద విగ్రహం పెట్టించాలిరా" అనడం మనకు అలవాటు. ఆ సామెతకు 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టించిన విగ్రహాలే పెట్టుబడి. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, వేమన, మొల్ల అందరూ వరసగా నిలబడ్డారు, తమలో ఒక్కరూ ఎరగని మాట పేరుగా ఉన్న కట్ట మీద. నా జాలి మాత్రం వాళ్ల మీద కాదు, అదే వరసలో ఉన్న ఆర్థర్ కాటన్ దొర మీద. ఆయన ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా కట్టినదాన్ని వాళ్ల కాగితాల్లో 'అనికట్' అని రాసుకున్నారు. అది అచ్చంగా మన దక్షిణాది ఆనకట్టే. దొరలు మన కట్టను నోరు తిరిగినంత మేరకు పలికి పట్టుకెళ్లారు. మనం ఆ దొర విగ్రహాన్నే తెచ్చి బండ్ మీద నిలబెట్టాం. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే కాబోలు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. 2015లో మిషన్ కాకతీయ వచ్చింది. చెరువుల్లో పూడిక తీశారు, మంచి పని. దాంతోపాటు నియోజకవర్గానికో చెరువును ముస్తాబు చేసి 'మినీ ట్యాంక్ బండ్' అన్నారు. పథకానికి కాకతీయుల పేరు పెట్టారు గానీ, కాకతీయుల నాటి కట్ట అన్న మాటకు అందులో చోటు దొరకలేదు. హైదరాబాదు పుట్టకముందే మూడొందల డెబ్బై ఏళ్ల పైచిలుకు నుంచి రామప్ప చెరువు నీళ్లు మోస్తోంది, పాపం అది మినీ అవుతుందో మాక్సీ అవుతుందో! మహబూబ్‌నగర్‌లో ఉన్నది పెద్ద చెరువు. పేరులోనే పెద్దరికం. దాని కట్ట ఇప్పుడు మినీ ట్యాంక్ బండ్. పెద్దది మినీ కావడాన్ని అభివృద్ధి అంటారని నాకు అక్కడే తెలిసింది.

మా చుట్టం ఒకాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ల కింద తెల్లారుజామున చెంబు పట్టుకుని "కట్ట మీదికి పోయొస్తా" అనేవాడు. ఇప్పుడు అదే వేళకి, చేతికి స్మార్ట్ వాచీ పెట్టుకుని, "ట్యాంక్ బండ్‌కు వాకింగ్ పోతున్నా" అంటున్నాడు. కట్ట అదే, కాళ్లు అవే. తుమ్మచెట్ల చోట స్టీలు రైలింగు, రంగు లైట్లు, ఊరి పేరుకు ముందు ఎర్రటి గుండె బొమ్మ వచ్చాయి. గేదెలకు మాత్రం ప్రవేశం లేదు. కట్ట మీద నడిచే హక్కు వాటికి ఉండేది గానీ, బండ్ మీద ఎవరిచ్చారు?

ఈ దిగులులో నాకు మిగిలిన ఒక్క ధైర్యం కట్ట మైసమ్మ. లోయర్ ట్యాంక్ బండ్‌లో ఆ తల్లి గుడి. చుట్టూ బోర్డులన్నీ బండ్ అంటున్నా, ఆమెను బండ్ మైసమ్మ అనే సాహసం ఇంతవరకు ఎవరూ చేయలేదు. తెలుగు మాటకు కాపలా దేవతే ఉందనుకుని మొన్న దర్శనానికి వెళ్లాను. బయట కొబ్బరికాయలు అమ్మే పెద్దావిడ దగ్గర ఒకటి తీసుకుంటూ, పరీక్షగా అడిగాను.

"కట్ట మైసమ్మ అంటరు గదా అవ్వా, ఏ కట్ట?"

ఆమె చిల్లర లెక్కపెట్టడం ఆపకుండా గడ్డంతోనే పైకి చూపించింది.

"ఏ కట్టేంది సారూ! గదే, ట్యాంక్ బండ్ కట్ట."