మూడు మీటర్ల మర్యాద

హైదరాబాదుకు సముద్రం ఎంత దూరమో నాకు ఈత కూడా అంతే దూరం. అయినా 42వ ఏట తిమింగల సొరను చూడాలని బుద్ధి పుట్టింది. పేరులో తిమింగలం ఉంది గానీ అది చేపే. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. 12 మీటర్లు పెరగడం దానికి పెద్ద లెక్క కాదు. అంత ఒళ్లు పెట్టుకుని తినేది మాత్రం ప్లాంక్టన్ అనే నీళ్లలో తేలే చిన్నచిన్న జీవులు, పొట్టి రొయ్యలు, చేపగుడ్లు. నోరు బార్లా తెరిచి నీళ్లు తాగుతూ పోతుంది, వడగట్టగా మిగిలింది మింగుతుంది.

కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు ఇదంతా సగం విన్నారు. "సొరే కదా బాబూ? దానికి విమానం ఎక్కడం ఎందుకు? మా ఊరి బజార్లో దొరుకుతుంది. బాలింతకు పిట్టు చేసి పెడితే ఎంత మంచిదో!" అన్నారు. ఈ సొర ఆ సొర కాదనీ, 2001 నుంచి మన దేశంలో చట్టం దీన్ని పులితో సమానంగా కాపాడుతోందనీ చెప్పాను. "అయితే దూరం నుంచే చూసి రండి" అన్నారు. తర్వాత జరిగినదానికంతా ఈ మాటే మూలం.

ప్లానింగ్ మా ఆవిడ తీసుకుంది. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్‌లో చూడటం సులువని నేనంటే, ఒక్క ముక్కలో కొట్టేసింది. అక్కడ రోజూ మేత వేసి వాటిని ఒడ్డుకు అలవాటు చేస్తారు. "భోజనానికి పిలిచి ఫొటో దిగే రకం మనకొద్దండీ" అంది. చివరికి మాల్దీవుల్లో సౌత్ ఆరి అటోల్ అనే పగడపు దీవుల వలయం ఖాయమైంది. అక్కడ ఏడాది పొడుగునా తిరుగుతాయి, పిలవక్కర్లేదు. ఆఖరి రోజు పొద్దున డైవ్, అంటే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం, సాయంత్రం ఫ్లైటు అని నేను బుక్ చేసిన టికెట్లు కూడా తనే మార్పించింది. డైవింగ్ అయ్యాక కనీసం 18 గంటలు ఆగితే గానీ విమానం ఎక్కకూడదట. మార్పించిన ఖర్చు గురించి ఇక్కడ మాట్లాడను.

ఇక డైవింగ్ కోర్సు. అందులో 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీళ్ల మీద తేలాలి. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ పూల్లో తెల్లవారుజామున మొదలుపెట్టాను. మొదటి రోజే మీసం సందులోంచి మాస్క్‌లోకి నీళ్లు కారాయి. 20 ఏళ్ల మీసం తీసేశాను. వాచ్‌మన్ రెండు రోజులు నన్ను గేటు దగ్గర ఆపాడు.

అసలు చిక్కు వేరే ఉంది. తిమింగల సొర ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు ఎడం పాటించాలి. ముట్టుకోకూడదు, దారికి అడ్డం పోకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. నీళ్లలో చూస్తేనేమో 4 మీటర్ల దూరంలో ఉన్నది 3 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. కంటికి అలవాటు కావాలంటే ముందు ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. ఆ వేళప్పుడు పూల్లో కదిలేది మా అసోసియేషన్ సెక్రటరీ గారొక్కరే. నిదానంగా, నిబ్బరంగా, అటూ ఇటూ చూడకుండా ఈదుతారు. దేవుడు పంపినట్టే అనిపించింది.

వారం రోజులు ఆయన వెనకే ఈదాను. ఆయన ఆగితే ఆగాను, తిరిగితే పక్కకు తప్పుకున్నాను. ఒకసారి ఆయన వేగం పెంచారు. ఉత్సాహం అనుకున్నాను, భయమని తర్వాత తెలిసింది. మా ఆవిడ గట్టు మీద నిలబడి నా దూరం సరిగ్గా ఉందో లేదో వీడియో తీసేది. ఈ సొరల ఒంటి మీది చుక్కలు మన వేలిముద్రల్లాంటివి. మొప్పల వెనక ఎడమ పక్క ఫొటో తీస్తే ఏ సొరో గుర్తుపట్టొచ్చు. అందుకని ఎడమ పక్క నుంచి తీయడం కూడా ప్రాక్టీస్ చేశాం.

శనివారం ఆ వీడియో మా బావమరిదికి పంపాను. "ఎడమ పక్క బాగా వచ్చింది. మన సొర ఇవాళ కాస్త బద్ధకంగా ఉంది" అని కింద రాశాను. పోయింది మాత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులోకి. కంగారులో నా ఫోన్లోంచి మాత్రమే డిలీట్ చేశాను. మిగతా 140 ఇళ్లలో అది పదిలంగా ఉంది.

ఆదివారం మీటింగ్ పెట్టారు. నా నిజాయితీకి రుజువుగా సొరల రూల్స్ ప్రింట్ తీసుకెళ్లాను. సెక్రటరీ గారు కళ్లజోడు సర్దుకుని అంతా చదివారు.

"ఇది ఏం తింటుంది?"

"ప్లాంక్టనండీ... చిన్న చిన్న రొయ్యలు."

"రామ రామ! నేను కోడిగుడ్డు కూడా ముట్టను. విన్నారా అందరూ?"

బద్ధకం అన్న మాటను ఆయన పట్టించుకోనే లేదు. జరిమానా వేయలేదు. ఆ కాగితం మాత్రం తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు పూల్ గేటుకు కొత్త నోటీసు అంటించి ఉంది. ఈదేవారికి పక్క నుంచి 3 మీటర్లు, వెనక నుంచి 4 మీటర్లు దూరం పాటించవలెను. తాకరాదు. దారికి అడ్డం వెళ్లరాదు. ఫ్లాష్ ఫొటోలు నిషేధం. కింద సెక్రటరీ గారి సంతకం, స్టాంపు.

మా ఆవిడ మొత్తం చదివి, "ఆహారం వేయరాదు అన్నది ఏదండీ? మన కాగితంలో ఉండాలే" అంది.

వాచ్‌మన్‌ని అడిగాను. ఆ ఒక్కటి సారే తీయించేశారట. ఆదివారాలు పూల్ దగ్గర మిర్చి బజ్జీలు వేస్తారు కదా.