వేలాండ్‌లో తేలే వీడియో పైన నిలవదన్న మాట ఎంతవరకు నిజం?

“వేలాండ్‌కు మారితే పిక్చర్-ఇన్-పిక్చర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫైర్‌ఫాక్స్‌లో బగ్ ఉంది. డబ్ల్యూఎంకంట్రోల్ కమాండ్ పెట్టుకోండి, కుదరకపోతే ఎక్స్11కి వెళ్లిపోండి.” లినక్స్ వాడేవాళ్లలో బాగా తిరుగుతున్న సలహా ఇది. ఎక్స్11, వేలాండ్ అంటే లినక్స్‌లో విండోలను తెరమీద చూపించే పాత, కొత్త పద్ధతులు. పిక్చర్-ఇన్-పిక్చర్ అంటే బ్రౌజర్‌లోని వీడియోను చిన్న తేలే విండోగా విడిగా చూపడం. డబ్ల్యూఎంకంట్రోల్ (wmctrl) విండోలను కమాండ్‌తో కదిలించే పనిముట్టు. ఇందులో చెప్పిన లక్షణం నిజమే: వీడియోను విడిగా తెరిచి, పక్క విండో మీద క్లిక్ చేయగానే అది వెనక్కి పోతుంది. చెప్పిన కారణమే తప్పు, అందుకే మందూ పనిచేయట్లేదు.

“ఫైర్‌ఫాక్స్ బగ్”

కాదు. ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా తన విండోను అన్నిటికంటే పైన ఉంచమని విండో మేనేజర్‌ను (విండోలను అమర్చే ప్రోగ్రామ్‌ను) అడగొచ్చు. వేలాండ్‌లో మామూలు విండోలు వాడే ప్రోటోకాల్ ఎక్స్‌డీజీ-షెల్. అందులో టైటిల్ చెప్పుకోవచ్చు, మాక్సిమైజ్, ఫుల్‌స్క్రీన్ అడగొచ్చు. పైన ఉంచమని అడిగే వీలు లేదు. తెరమీద ఫలానా మూలన పెట్టమని అడిగే వీలూ లేదు. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్‌కు పిక్చర్-ఇన్-పిక్చర్ 2020 జనవరిలో, 72వ వెర్షన్‌తో వచ్చింది. 2023 డిసెంబర్‌లో వచ్చిన 121వ వెర్షన్ నుంచి వేలాండ్ సెషన్లో వేలాండ్‌నే డిఫాల్ట్‌గా వాడుతోంది. అప్పటిదాకా బాగున్నది అప్‌డేట్ తర్వాత పోవడంతో నింద బ్రౌజర్ మీద పడింది. ఎంపీవీ అనే వీడియో ప్లేయర్‌లో, విండోను పైన ఉంచే షిఫ్ట్ + టీ నొక్కి చూసినా ఇదే తంతు.

“వేలాండ్‌లో అసలు కుదరదు”

అడిగే వీలు ప్రోగ్రామ్‌కు లేదు గానీ, చేసే అధికారం కంపోజిటర్‌కు, అంటే వేలాండ్‌లో విండోలను తెరమీద అమర్చే ప్రోగ్రామ్‌కు ఉంది. పని అక్కడ పెట్టుకోవాలి.

గ్నోమ్ డెస్క్‌టాప్‌లో వీడియో విండో ఫోకస్‌లో ఉండగా ఆల్ట్ + స్పేస్ నొక్కితే మెనూ వస్తుంది. అందులో ‘ఆల్వేస్ ఆన్ టాప్’ ఎంచుకోవాలి. అన్ని వర్క్‌స్పేస్‌లలో కనబడాలంటే ‘ఆల్వేస్ ఆన్ విజిబుల్ వర్క్‌స్పేస్’ కూడా. చిక్కేమిటంటే, ఇది ఆ ఒక్క విండోకే. మూసి మళ్లీ తెరిస్తే అది కొత్త విండో, మళ్లీ మొదటికే. “పెట్టినా నిలవట్లేదు” అనేవాళ్లలో చాలామంది తట్టుకునేది ఇక్కడే. ‘పిప్ ఆన్ టాప్’ ఎక్స్‌టెన్షన్ ఆ పనిని తనంతట తానే చేస్తుంది. కాకపోతే గ్నోమ్ పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా ఎక్స్‌టెన్షన్లు కొన్నాళ్లు మొరాయించడం మామూలే.

కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో ఇంకా నయం. రూల్ ఒక్కసారి రాస్తే చాలు. వీడియో విండో మీద ఆల్ట్ + ఎఫ్3 నొక్కి, ‘మోర్ యాక్షన్స్’లో ‘కాన్ఫిగర్ స్పెషల్ విండో సెట్టింగ్స్’ తెరవండి. విండో టైటిల్‌కు ‘ఎగ్జాక్ట్ మ్యాచ్’ పెట్టండి. ‘కీప్ అబవ్ అదర్ విండోస్’ చేర్చి, ‘ఫోర్స్’, ‘యెస్’ ఎంచుకోండి. సైజు, పొజిషన్లకు ‘రిమెంబర్’ ఇస్తే పోయినసారి వదిలిన మూలనే తెరుచుకుంటుంది. టైటిల్ వదిలేసి విండో క్లాస్ (అది ఏ ప్రోగ్రామ్ విండోనో చెప్పే పేరు) ఒక్కటే మ్యాచ్ చేస్తే మొత్తం బ్రౌజరే అన్నిటిపైకి ఎక్కి కూర్చుంటుంది. టైటిల్‌ను కూడా చూసి రాయాలి: ఫైర్‌ఫాక్స్ పదాల మధ్య హైఫన్లు పెడుతుంది, క్రోమ్ ఖాళీలు వదులుతుంది. బ్రౌజర్ ఇంటర్‌ఫేస్ భాష మార్చినవాళ్లకు ఆ టైటిలే వేరుగా ఉండొచ్చు.

స్వే విండోలను పక్కపక్కన పేర్చే (టైల్ చేసే) కంపోజిటర్. అందులో తేలే విండోలు టైల్ అయినవాటికి ఎలాగూ పైనే ఉంటాయి. కాబట్టి టైటిల్‌ను బట్టి ‘ఫ్లోటింగ్ ఎనేబుల్’, ‘స్టిక్కీ ఎనేబుల్’ ఇస్తే సరిపోతుంది. ఎక్స్11లో ఇలాంటిదే అయిన ఐ3 నుంచి వచ్చినవాళ్లు పాత రూల్‌ను ‘క్లాస్’తో సహా అతికించేస్తారు. వేలాండ్ విండోకు ఉండేది ‘యాప్ ఐడీ’, క్లాస్ కాదు. ఎర్రర్ ఏమీ రాదు, రూల్ మాత్రం పట్టదు.

ఒక పరిమితి మాత్రం ఉంది. కేడీఈలోనూ స్వేలోనూ ఇంకో విండోను ఫుల్‌స్క్రీన్ చేసి అందులో పనిచేస్తుంటే, ‘కీప్ అబవ్’ అన్నా ‘స్టిక్కీ’ అన్నా తేలే వీడియో దాని కిందే ఉండిపోతుంది. ఫుల్‌స్క్రీన్ బదులు మాక్సిమైజ్ వాడటమే సులువు.

“డబ్ల్యూఎంకంట్రోల్ ఉంటే చాలు”

దానికి ఎక్స్11 విండోలే తెలుసు. వేలాండ్ సెషన్లో విండోల లిస్టు అడగండి, ఎక్స్‌వేలాండ్ (వేలాండ్‌లో ఎక్స్11 ప్రోగ్రామ్‌లను నడిపే వంతెన) మీద నడిచేవే వస్తాయి. లేని విండోను పైకెత్తమంటే అదేం చేస్తుంది?

“ఎక్స్11కి తిరిగి వెళ్లడమే దారి”

ఉబుంటు 25.10, ఫెడోరా 43లలో గ్నోమ్‌కు ఎక్స్11 సెషనే తీసేశారు. అయినా ఒక్క వీడియో కోసం సెషన్ మొత్తం మార్చడం దేనికి? బ్రౌజర్ ఒక్కదాన్ని ఎక్స్‌వేలాండ్ మీద నడిపితే చాలు. ‘మోజ్ ఎనేబుల్ వేలాండ్’ (MOZ_ENABLE_WAYLAND) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 0 ఇచ్చి ఫైర్‌ఫాక్స్‌ను తెరిస్తే, పైన ఉంచమని అది మళ్లీ అడగగలదు. ముందుగా తెరిచి ఉన్న ఫైర్‌ఫాక్స్ విండోలన్నీ మూయాలి. లేదంటే కొత్త విండో పాత ప్రాసెస్‌లోనే కలిసిపోయి, మార్పేమీ కనబడదు. ఫైర్‌ఫాక్స్‌ను ఫ్లాట్‌పాక్ ప్యాకేజీగా పెట్టుకుని ఉంటే ఆ వేరియబుల్‌ను ఫ్లాట్‌సీల్ అనే సెట్టింగ్స్ యాప్‌లో ఇవ్వాలి. పనిచేసిందో లేదో ఫైర్‌ఫాక్స్‌లోని ‘అబౌట్ సపోర్ట్’ (about:support) పేజీలో ‘విండో ప్రోటోకాల్’ అన్న వరుస చెబుతుంది. తెర స్కేలింగ్ 125 శాతమో 150 శాతమో పెట్టుకున్నవాళ్లకు అక్షరాలు కాస్త మసకబారొచ్చు. అలాంటివాళ్లకు కంపోజిటర్ రూలే మేలు.