టిష్యూ పేపరు సాక్ష్యం

ఒడిశాలోని బరంపురంలో నాదొక చిన్న ఫోటో స్టూడియో. జిరాక్సు, లామినేషను కూడా చేస్తాను. సెల్‌ఫోన్లు వచ్చాక పాస్‌పోర్టు ఫోటోలు తప్ప నా దగ్గరికి ఎవరూ ముఖం చూపించుకోవడానికి రావడం లేదు. ఇరవై ఏళ్లుగా ఊరివాళ్ల ముఖాల మీద జిడ్డు తుడవడమే నా వృత్తి. కంప్యూటర్లో లెండి. నుదుటి మీద మెరుపు తగ్గించాలి, కళ్ల కింద నలుపు తీసెయ్యాలి, మొటిమ మాయం చెయ్యాలి. ముఖానికి నలభై సెకన్లు, అంతే.

అలాంటి నాకు నా ముఖం ఏ రకమో నలభై ఆరేళ్లు వచ్చేదాకా తెలియదు. స్నానం సబ్బు ఒకటి ఉండేది. తలకీ, ఒంటికీ, ముఖానికీ, అవసరమైతే బనీనుకీ అదే.

ఇచ్ఛాపురంలో మా మేనమామ మనవరాలి పెళ్లి ఫోటోలు చూస్తూ మా అమ్మాయి ఒకచోట ఆగింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, అన్నిటికీ కారణాలు తెలుసు.

"నాన్నా, నీ తల వెనకాల బల్బు ఉందా ఆ రోజు?"

"లేదే."

"అయితే ఇది నీ నుదురే."

ఆ రాత్రి నాకు చర్మాల గురించి క్లాసు జరిగింది. జిడ్డు చర్మం, పొడి చర్మం, మామూలు చర్మం, చీటికీ మాటికీ మండే సెన్సిటివ్ చర్మం, ఒకే ముఖంలో రెండు రకాలూ కాపురం ఉండే కాంబినేషన్. నుదుటి మీద అడ్డంగా, ముక్కు మీంచి గడ్డం దాకా నిలువుగా ఇంగ్లీషు 'టి' అక్షరంలా నూనె గ్రంథులు ఎక్కువ ఉంటాయట. నీది ఏ రకమో తెలియకుండా సీసాలు కొనడమంటే కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడమే అంది. బాగానే ఉంది. కొలత తీసే పద్ధతి కూడా చాలా సులువు. తేలికపాటి ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కోవాలి, ఏమీ రాయకుండా అరగంట ఊరికే కూర్చోవాలి, తర్వాత టిష్యూ ముక్కలు నుదుటి మీద, ముక్కు మీద, బుగ్గల మీద అద్ది చూడాలి. ఎక్కడ జిడ్డు అంటితే అక్కడ జిడ్డు.

మర్నాడు సాయంత్రం ఐదింటికి నా స్టూడియోలోనే ముఖం కడిగించి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, "అరగంటలో వస్తా, ముఖం ముట్టుకోకు" అని స్నేహితురాలింటికి వెళ్లింది.

ఇక్కడ నా ఆరోగ్య చరిత్ర కొంచెం చెప్పాలి. కిందటేడు రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చింది. నూనెలో వేయించినవి మానమన్నారు. డాక్టరు ఒక్కసారే చెప్పారు, మా ఆవిడ మాత్రం రోజూ చెబుతుంది. మా ఇంట్లో ఇప్పుడు పోపు కూడా భయపడుతూ చిటపటలాడుతుంది. మరి మా స్టూడియోకి ఎదురుగా ఉల్లి పకోడీల బండి ఉంది. ఇక్కడ పియాజీ అంటారు. సాయంత్రం ఐదుంబావుకి మొదటి వాయి దిగుతుంది. ఆ వాసన రోడ్డు దాటి, అద్దం తలుపు సందులోంచి దూరి, నన్ను పేరుపెట్టి పిలుస్తుంది.

నేను వెళ్లలేదు. బండి దగ్గరి కుర్రాడే కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. అలవాటు.

నాలుగు తిన్నాను. చేతులు తుడుచుకున్న రుమాలుతోనే మూతి తుడుచుకున్నాను. మూతి తుడుచుకున్నాక చెయ్యి దానంతటదే ముఖమంతా తిరిగొస్తుంది కదా, తిరిగొచ్చింది. అప్పుడే మా అమ్మాయి వచ్చింది.

టిష్యూ అద్దింది. వెలుగుకి పట్టి చూసింది. అందులోంచి అవతల పకోడీల బండి కనిపిస్తోంది.

"నాన్నా! బుగ్గ మీద కూడానా! నీది మామూలు ఆయిలీ కాదు." సాక్ష్యానికి ఫోన్లో ఫోటో తీసింది.

నిజం చెప్పడానికి అదే సమయం. ఆ నూనె నాది కాదమ్మా, ఎదురు బండి వాడిది అంటే సరిపోయేది. కానీ ఆ మాట ఐదు నిమిషాల్లో వాళ్లమ్మకి చేరుతుంది. ధర్మరాజంతటివాడు కనీసం 'కుంజరః' అని గొణిగాడు. నేను అది కూడా గొణగలేదు.

అలా జిడ్డు చర్మానికి చెయ్యాల్సిన వైద్యం నాకు మొదలైంది. రెండు శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్, ఒక టోనరు, నయాసినమైడ్ సీరమ్, జెల్లీలాంటి మాయిశ్చరైజరు. సీసా మీద యాసిడ్ అన్న మాట విని మా అమ్మ మంచం మీంచి లేచింది. "యాసిడ్ ఏటే? బాత్రూం కడిగీదా?" ఇది నూనెలో కరిగే రకమనీ, అందుకే చర్మ రంధ్రాల్లోకి దిగి అక్కడ పేరుకున్న జిడ్డుని వదిలిస్తుందనీ మనవరాలు చెప్పింది. "అయితే మా అబ్బాయి ముఖం గిన్నె అన్నమాట" అని అమ్మ మళ్లీ పడుకుంది.

పిల్ల జాగ్రత్తలు కూడా చెప్పింది, అబద్ధమాడకూడదు. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలివైపు కొన్ని రోజులు రాసి చూడాలంది. ఒకసారికి ఒకటే మొదలుపెట్టాలి, ఇది రోజు విడిచి రోజు, అది రాత్రికి మాత్రమే అని కాగితం రాసి అద్దానికి అంటించింది. కానీ నేను నలభై సెకన్ల మనిషిని. బటన్ నొక్కితే మొటిమ పోవాలి. నాలుగు సీసాలూ పొద్దునా రాత్రీ రాసేశాను. స్టూడియోలో ఖాళీ దొరికితే మధ్యాహ్నం ఇంకోసారి ముఖం కడిగాను. ఇది చాలదని అమ్మ సెనగపిండిలో నిమ్మరసం పిండి తెచ్చింది. దాన్ని యాసిడ్ అని ఎవరూ అనలేదు, మండిన తర్వాత నేనన్నాను.

మా బావమరిది కూడా ఊరుకోలేదు. ఎవరో చెప్పారని మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ట్యూబు ఒకటి తెచ్చాడు, "వారంలో పెళ్లికొడుకువి అవుతావు బావా" అంటూ. మా అమ్మాయి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి చెత్తబుట్టలో పడేసింది. అందులో స్టీరాయిడ్ ఉందట. ఈ విషయంలో మాత్రం నేను సాక్షిని. రాసినన్నాళ్లూ తెల్లగా నున్నగా ఉండి, ఆపగానే ఎర్రబారి, చర్మం పలచబడి రక్తనాళాలు కనిపించే ముఖాలు నా కెమెరా ముందు ఎన్నో కూర్చున్నాయి. వాటిని సరిచెయ్యడానికి నలభై సెకన్లు చాలవు, గంటైనా చాలదు. డాక్టరు రాస్తే కొన్నాళ్లు వాడే మందుని జనం పౌడరులా పూసుకుంటున్నారు. బావమరిది అలిగి భోంచెయ్యకుండా వెళ్లిపోయాడు. వెళ్లనీ.

బరంపురం అప్పడాలకు పేరున్న ఊరు. పదో రోజుకి నా బుగ్గలు కూడా ఆ వ్యాపారంలో దిగాయి. పొరలు పొరలుగా లేస్తున్నాయి. నీళ్లు తగిలితే మంట. నవ్వితే పగుళ్లు. కస్టమరుని "కొంచెం నవ్వండి" అంటే, "ముందు మీరు నవ్వండి" అన్నాడు. నుదురు మాత్రం ఎప్పటిలాగే లైటు వేసుకుని కూర్చుంది.

"ఇంత జిడ్డు చర్మం ఇలా పొట్టు లేవడమేంటి?" అని మా అమ్మాయి నా వైపు అదోలా చూసింది. నేను క్యాలెండరు వైపు చూశాను.

సీసాలన్నీ ఆపించింది. మెత్తని మాయిశ్చరైజరు, దాని మీద సన్‌స్క్రీన్. మండే చర్మానికి పడుతుందని, తెల్లగా అంటుకునే జింక్ ఆక్సైడ్ రకం తెచ్చింది. ఎస్‌పీఎఫ్ 50. "ముప్ఫై తేవచ్చు కదా, రేటు తగ్గేది" అన్నాను. సరిగ్గా రాస్తే ముప్ఫై అయినా యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, యాభై 98 ఆపుతుంది, నువ్వు సరిగ్గా రాయవు కాబట్టి యాభై తెచ్చా అంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండుకుని ముఖానికీ మెడకీ రాయాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. నేను విన్నది రెండు వేళ్లు అన్నంతవరకే. బుగ్గకి రెండు వేళ్లు, ఇంకో బుగ్గకి రెండు, నుదుటికి రెండు, మెడకి రెండు. మంటకి భయపడి రుద్దలేదు, అద్ది వదిలేశాను.

ఆ రోజుల్లోనే బుఢీ ఠాకురాణి యాత్ర. మా ఊరికి ఇది రెండేళ్లకోసారి ఎండాకాలంలో వచ్చే పండగ. అమ్మవారు దేశీబెహెరా వారింటికి, అంటే పుట్టింటికి, వస్తుంది. మొక్కుకున్నవాళ్లు శివుడనీ, కృష్ణుడనీ, పులి అనీ వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. ఒడియావాళ్లు, తెలుగువాళ్లు అని తేడా లేదు, పులిచారలకి భాష ఏముంది. వేషాల ఫోటోలు తీసుకుందామని కెమెరా మెడలో వేసుకుని, చెమటకి భుజం మీద కాషాయం తువ్వాలు వేసుకుని బయల్దేరాను. అద్దం చూసుకోలేదు. వాళ్లూ వీళ్లూ చూశారు.

బడాబజారు మలుపులో ఒక ముసలావిడ ఎదురొచ్చి చేతులు జోడించింది. వెనక దేవుడెవరో వస్తున్నాడని పక్కకి జరిగాను. ఆవిడా జరిగింది. నా చొక్కా జేబులో పది రూపాయలు పెట్టి, మనవడి తల నా కాళ్ల దగ్గర వంచింది. కాదనడానికి నోరు తెరిచాను, బుగ్గ పగిలింది, మూసేశాను. చూసినవాళ్లు మౌనవ్రతం అనుకున్నారు. ఇంకో నలుగురు పోగయ్యారు. విభూతి పూసుకున్నాడు, శివుడే అని ఒకరు. మెడలో పాము ఏది, కెమెరా ఉందే అని ఇంకొకరు. ఈ కాలం నారదుడై ఉంటాడని మూడోవాడు, వీణకి బదులు కెమెరా పట్టుకుని అందరి విషయాలూ మోసుకుపోతాడు కదా అన్నాడు. అది కొంచెం తగిలింది.

పులివేషం కుర్రాడొకడు దగ్గరికొచ్చి, "భాయినా, రంగు ఎక్కడ కొన్నావు? నాది గంటకే కారిపోతోంది" అన్నాడు. నాదీ కారుతోంది. పక్కనున్న గోపాల్‌పూర్ సముద్రపు గాలి వల్ల మా ఊళ్లో చెమట ఆరడమంటూ ఉండదు. తెల్లని చారలు మెడ మీంచి చొక్కాలోకి దిగుతున్నాయి. ఇంటికి చేరేసరికి నేను సగం పులిని. జేబులో నూట నలభై రూపాయలు.

"అది అమ్మవారి సొమ్ము, హుండీలో వెయ్యి" అంది మా ఆవిడ. ముఖం చూసి, "ముందు చర్మం డాక్టరు దగ్గరికి పద" అంది.

డాక్టరుగారు చూడగానే కాంబినేషన్ అన్నారు. నుదురు, ముక్కు జిడ్డు, బుగ్గలు ముందునుంచీ పొడి. సబ్బు క్షారం, చర్మమేమో కొంచెం ఆమ్ల గుణం ఉన్నది, ఇన్నేళ్లూ సబ్బుతో తోమి బుగ్గల్ని ఎండబెట్టారు, ఇప్పుడు ఆ ఎండిన చోటే యాసిడ్లు పోశారు అన్నారు. నాలుగు వారాలు తేలికపాటి క్లెన్సరు, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, ఇంకేమీ ముట్టుకోవద్దన్నారు.

"మరి టెస్టులో బుగ్గ మీద కూడా నూనె వచ్చింది డాక్టర్" అని మా అమ్మాయి ఫోన్ తీసింది. ఫోను మధ్యలో మా ఆవిడ చేతిలోకి వెళ్లింది. ఫోటోని వేళ్లతో పెద్దది చెయ్యడం ఆవిడకి నేర్పింది నేనే. టిష్యూ మూల దగ్గర ఆగింది.

"ఇదేంటి, ఎర్రగా?"

డాక్టరుగారు కూడా కళ్లజోడు సవరించుకుని వంగారు. ఉల్లిపాయ ముక్క. బాగా వేగింది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. డాక్టరుగారు చీటీ మీద అప్పటిదాకా రాసినదాని కింద గీత గీసి, 'లిపిడ్ ప్రొఫైల్' అని ఇంకో పరీక్ష, కొలెస్ట్రాల్‌ది, రాశారు.

ఆటోలో ఒట్టు వేశాను. ఆ ఒక్క రోజే, అదీ నాలుగే, అదీ పెసర గింజంతవి అన్నాను. మా ఆవిడ కొంచెం మెత్తబడినట్టే కనిపించింది. స్టూడియో ముందు ట్రాఫిక్‌లో ఆటో ఆగింది. పకోడీల బండి అతను నన్ను చూసి జల్లిగరిటె ఎత్తాడు.

"భాయినా, పది రోజులై రాలేదేంటి? రోజూ తినే పన్నెండూ కట్టమంటావా?"

మా ఆవిడ ఆటో దిగింది.